లెక్క చేతిలో ఉంటే గ్రామసభలో గొంతు లేస్తుంది

మన సొసైటీ ఏ పార్టీదీ కాదు. అయినా ఈసారి దాతల ముందు రాజకీయ భాగస్వామ్యం మాట ఎత్తుతున్నాం. ఫీజులు కట్టడం, పుస్తకాలు పంచడం మనకు బాగానే వచ్చు. వార్డుకు కుళాయి కావాలనో, బడికి ఉర్దూ పంతులు కావాలనో గ్రామసభలో లేచి అడిగేవారు మాత్రం తక్కువ. అడిగినా చేతిలో కాగితం ఉండదు.

కాగితం విలువ ఏమిటో మన రాష్ట్రమే చూసింది. 2004లో ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్ జీవో వస్తే, బీసీ కమిషన్‌ను సంప్రదించలేదని హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టమే చేశారు. వెనుకబాటును తేల్చిన తీరు సరిగా లేదని అదీ నిలవలేదు. మరుసటి ఏడాది సచార్ కమిటీ నివేదిక దేశమంతటి ముస్లింల చదువు, కొలువుల లెక్కలు బయటపెట్టింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ గారు మతాన్ని బట్టి కాక, వృత్తిని, సామాజిక స్థితిని బట్టి వర్గాలను గుర్తించారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, ఖురేషీలు, షేక్‌లు అందులోకి వచ్చారు. సయ్యద్, మొఘల్, పఠాన్‌లు రాలేదు. ఆ బాధ కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉంది. దూదేకులవారు అంతకుముందే బీసీ-బిలో ఉన్నారు. అలా బీసీ-ఇ కింద 4 శాతం వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేసినా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. న్యాయస్థానంలో ఆవేశం నిలవలేదు, అధ్యయనం నిలబెట్టింది.

ఇదే పని వీధి స్థాయిలో చేద్దామంటున్నాం. పోలింగ్ కేంద్రం వారీ ఓటర్ల జాబితా తీసుకుని ఇంటింటికీ వెళ్లాలి. పత్తి తీతకు, మిరపకోతకు పొద్దున్నే పోయే ఇళ్లకు మధ్యాహ్నం వెళ్తే తాళమే కనిపిస్తుంది. మగ్రిబ్ తరువాత వెళ్లాలి. పద్దెనిమిది నిండినా పేరు లేనివారెవరు? పెళ్లయి వచ్చిన కోడలి పేరు ఇంకా పుట్టింటి ఊళ్లోనే ఉందా? కొత్త పేరుకు ఫారం 6, చిరునామా మార్పుకు, తప్పులకు ఫారం 8. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ 1వ తేదీలు నాలుగూ అర్హత తేదీలే కనుక ఏడాదంతా ఆగనక్కర్లేదు. ఆ నోటుబుక్కులోనే బడి మానేసిన పిల్లలను, కుల ధ్రువపత్రం లేనివారిని రాసుకోవాలి.

తన వీధి అంకె తానే రాసిన మనిషి గ్రామసభలో వెనక వరుసలో కూర్చోడు. పంచాయతీ పదవుల్లో సగం మహిళలవి కాబట్టి ఈ నోటుబుక్కులు మన ఆడపిల్లల చేతికే ఇవ్వాలని మా అభిప్రాయం. ఇళ్లలో ఆడవాళ్లు మనసు విప్పేదీ వాళ్లతోనే.

జకాత్ సొమ్ము దీనికి ముట్టుకోం. జిరాక్సులకు, నోటుబుక్కులకు, ఆటో ఛార్జీలకు విడిగా ఇవ్వదలచినవారు రసీదుపై ‘సర్వే’ అని రాయించుకోగలరు.