బారువ తీరమున సెల్‌ఫోను

శ్రీకాకుళము జిల్లాలో సోంపేటకు సమీపమున, మహేంద్రతనయ సముద్రములో కలియు చోట, బారువ యను గ్రామము కలదు. పూర్వమిది ఓడలు వచ్చి పోవు రేవు. ఆ వర్తకము ఎన్నడో అంతరించినది. దీపస్తంభము మాత్రము నిలిచియున్నది. వేటకు పోయినవాడు చీకటిలో దాని వెలుగును చూచి తన యిల్లు ఏ దిక్కున నున్నదో తెలిసికొనును. ఆ వెలుగునకు అతడు చెల్లింపవలసిన రుసుము లేదు. అయితే అందులో నొక లోపము కలదు. స్తంభము పలుకును, పడవ వినును. పడవలోనివాడు బదులు పలుకుటకు వీలు లేదు.

బదులు పలుకుటకు వీలైన సాధనము ఇప్పుడు అతని జేబులోనే యున్నది. అదియే సెల్‌ఫోను. 1973 ఏప్రిల్ 3వ తేదీన మార్టిన్ కూపర్ అను ఇంజనీరు న్యూయార్కు వీథిలో నిలిచి మొట్టమొదటిసారి చేతి ఫోనులో మాటలాడెను. పది సంవత్సరముల పిమ్మట ఆ రకము ఫోను అమ్మకమునకు వచ్చినప్పుడు దాని బరువు ముప్పాతిక కిలోకు పైగా నుండెను. దానిని గంటల తరబడి ఛార్జింగు చేసినను అరగంట మాత్రమే మాటలాడుటకు వీలయ్యెడిది. మన దేశమున తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31వ తేదీన కలకత్తా, ఢిల్లీ నగరముల నడుమ జరిగెను. ఆనాడు మాటలాడినవాడే కాక, విన్నవాడును రుసుము చెల్లింపవలసియుండెను!

ఇక మన విషయమునకు వత్తము. ఉద్దానపు తీరమున ఒక కుటుంబమున్నదనుకొనుడు. తండ్రి పడవపై వేటకు పోవును. తల్లి పలాసలో జీడిపప్పు కర్మాగారమున పని చేయును. పెద్ద కుమారుడు పొట్టకూటికై గుజరాతు తీరమునకు వలస పోయినాడు. కుమార్తె మీవలె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఇంటిలోని పాత ఫోను చెడిపోయినది. కొంత సొమ్ము కూడినది. క్రొత్త ఫోను కొనవలెను. ఏది కొనవలెను?

అంగడిలో రెండు జాతుల ఫోనులు కలవు. ఒకటి మీటలు నొక్కెడి చిన్న ఫోను; రెండవది వ్రేలితో తాకెడి అద్దపు ఫోను, అనగా స్మార్టుఫోను. అంగడివాడు రెండవదానినే ముందుంచును. దాని కెమేరా ఇన్ని మెగాపిక్సెలులనియు, దాని బ్యాటరీ ఇంతటిదనియు, 5జీ పనిచేయుననియు ఏకరువు పెట్టును. అతడు చెప్పునది అబద్ధము కాదు. కాని ఆ అంకెలలో ఏది ఎవరికి పనికివచ్చునో విచారింపక కొన్నవాడు తనకు అక్కఱలేనిదానికి వెల యిచ్చినవాడగును.

మొదట తండ్రి సంగతి చూతము. అతనికి కావలసినది సిగ్నలు. రేడియో తరంగములు ఇంచుమించు వెలుతురువలెనే తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచే కొంత దూరమునకు పిమ్మట టవరు సముద్రపు వంపు చాటున మఱుగుపడును. ఆ దూరమును మీరే కట్టవచ్చును. టవరు ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57చే గుణించినచో దూరము కిలోమీటర్లలో వచ్చును. 36 మీటర్ల టవరునకు వర్గమూలము 6. దూరము సుమారు 21 కిలోమీటర్లు. పడవలో నీటికి ఒక మీటరు ఎత్తున ఫోను పట్టుకొన్నచో మఱి మూడున్నర కిలోమీటర్లు కలియును. మొత్తము 25 కిలోమీటర్లు. నిజముగా అంత దూరము అందుట అరుదు. ఏలయన ఫోనునకు ప్రసారశక్తి చాల స్వల్పము, టవర్ల ముఖములును ఎక్కువగా ఊళ్లవైపే త్రిప్పబడియుండును. తరంగముల పౌనఃపున్యము హెచ్చిన కొలది అవి పోవు దూరము సాధారణముగా తగ్గును. మన దేశమున 2022 అక్టోబరు 1వ తేదీన ప్రారంభమైన 5జీకి ముఖ్యముగా వాడు 3500 మెగాహెర్ట్‌జు తరంగములు వేగమునకు మేటివి, దూరమునకు కావు. కనుక ఆ గొప్ప నడిసముద్రములో చెల్లదు.

సిగ్నలు అందినంత మేర దాని వలన లాభమెంతయో కేరళ తీరమున తేలినది. 1997 మొదలు 2001 వఱకు అక్కడి ఉత్తర జిల్లాలలో సెల్‌ఫోను టవర్లు వెలసెను. మత్స్యకారులు ఒడ్డు చేరకముందే ఏ రేవున బేరగాండ్రు ఎక్కువో అడిగి అటువైపు పడవ త్రిప్పుట మొదలిడిరి. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి 2007లో ప్రకటించిన లెక్క యిది: మత్స్యకారుల లాభము సగటున 8 శాతము పెరిగెను, కొనువారికి ధర 4 శాతము తగ్గెను. అమ్మకము కాక చేపలను పాఱవేయుట ఇంచుమించు నిలిచిపోయెను. ఇరువురకు నొకేసారి మేలు కలుగుట వింతగా తోచును గాని, అంతకుముందు వ్యర్థమైపోయిన చేపలే ఆ మేలునకు మూలమని తలచిన వింత తీరును. ఆ పనికి చాలినవి మాట మాత్రము మోయు ఫోనులే.

తండ్రి చేతులు ఎల్లప్పుడు తడిసియుండును. ఈ చిన్న సంగతి పెద్ద చిక్కు తెచ్చును. అద్దపు ఫోను వ్రేలి ఒత్తిడిని గాక, వ్రేలు తాకినచోట కలుగు విద్యుత్తు మార్పును గుర్తించును. ఉప్పునీరును విద్యుత్తును ప్రసరింపజేయునదే. అద్దముపై నీటిబొట్లు పడినచో ఏది నీరో, ఏది వ్రేలో ఫోనునకు తెలియదు. ఒక అంకెను తాకిన మఱియొకటి పడును. ఆపదలో ఇంతకంటె కీడు లేదు. మీటల ఫోనునకు ఈ బాధ లేదు.

“ఇది నీటిలో పడినను చెడదు” అని అంగడివాడనును. పెట్టెపై ఐపీ 67 అనియో, ఐపీ 68 అనియో ఉండును. అందులో మొదటి అంకె దుమ్మును, రెండవది నీటిని తట్టుకొను శక్తిని తెలుపును. రెండవ అంకె 7 అయినచో మీటరు లోతు నీటిలో అరగంట యుండగలదని అర్థము. 8 అయినచో అంతకంటె కఠినమైన పరీక్ష. దాని లోతును కాలమును తయారుచేసినవారే నిర్ణయింతురు. కాని ఈ పరీక్షలు మంచినీటిలో జరుగును. ఉప్పునీరు లోహమును తినివేయును. ఛార్జింగు రంధ్రమున చేరిన ఉప్పు తడి ఆరినను పోదు. పైగా, నీటివలన చెడిన ఫోనునకు హామీ వర్తింపదని అనేక కంపెనీలు హామీపత్రములోనే వ్రాసియుంచును. ఆ చిన్న అక్షరములను ముందుగా చదువుట మంచిది.

అయినను అద్దపు ఫోనును పడవకు పనికిరానిదని త్రోసివేయరాదు. అందులోని జీపీఎస్ ఉపగ్రహముల సంకేతములను గ్రహించి, ఉన్న స్థానమును తెలుపును. దీనికి టవరు అక్కఱలేదు. శ్రీహరికోట నుండి 2013లో తొలి ఉపగ్రహమును పంపి మన దేశము ఏర్పఱచుకొన్న నావిక్ వ్యవస్థను కూడ కొన్ని క్రొత్త ఫోనులు గ్రహింపగలవు. స్థానము తెలిసినను, సిగ్నలు లేనిచోట దానిని ఒడ్డునకు తెలుపుట ఫోనుచే కాదు. అందుకు పడవలో ప్రత్యేకమైన రేడియో పరికరముండవలెను.

ఇంటివారి సంగతి వేఱు. గుజరాతులో నున్న కుమారుని ముఖమును తల్లి చూడవలెనన్న అద్దపు ఫోనే కావలెను. ఆమె యిచ్చెడి వెల ఏమైనను, ఆ పది నిమిషములకు సాటి రాదు. కుమార్తె పాఠములకును అదియే కావలెను. డబ్బు పంపుట మాత్రము మీటల ఫోనుతోను సాధ్యమే. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే అను పద్ధతిని అందుకొఱకే ప్రారంభించినది. కెమేరా మాట కొద్దిగా చెప్పుదును: మెగాపిక్సెలులు ఎన్ని యున్నను, కటకమును, వెలుతురును గ్రహించు ఫలకమును చిన్నవైనచో బొమ్మ బాగుగా రాదు.

బ్యాటరీని గూర్చి చెప్పుటకు ముందు తిత్లీ తుపానును తలచుకొనవలెను. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున అది పలాస ప్రాంతమున తీరము దాటెను. ఉద్దానమున తరతరములుగా పెంచిన కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలెను. కరెంటు స్తంభములు విఱిగిపడెను. కరెంటు లేక టవర్లు మూగవోయెను. దూరదేశముల నున్న బిడ్డలు ఇంటికి ఫోను చేసి చేసి, బదులు రాక తల్లడిల్లిరి. అట్టి దినములలో 5000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ గల అద్దపు ఫోను ఒకటి రెండు దినములలో చల్లారును. అందులో అయిదవవంతు బ్యాటరీ గల మీటల ఫోను అంతకంటె ఎక్కువ దినములు నిలుచును. వెడల్పైన అద్దమును వెలిగించుటకును, లోపలి యంత్రమును నడపుటకును శక్తి వ్యయమగుటయే కారణము. మీటల ఫోనులో టార్చిలైటు, తఱచు ఎఫ్.ఎం. రేడియో కూడ ఉండును. టవరు పడిపోయినను, ప్రసారము అందు చోట రేడియో వార్త చెప్పును. అనేకమైన క్రొత్త అద్దపు ఫోనులలో రేడియో తీసివేయబడినది. దానిని నిలుపవలసినదని 2023లో కేంద్ర ప్రభుత్వము తయారీదారులకు సూచింపవలసివచ్చినది.

అదే సంవత్సరమున ప్రభుత్వము మఱియొక యేర్పాటును పరీక్షించినది. ఆపద రానున్నచో ఆ ప్రాంతపు టవర్ల పరిధిలోని ఫోనులన్నిటికి ఒకేసారి హెచ్చరిక చేరును. ఫోను పెద్దగా మ్రోగును. ఇది మేలైన యేర్పాటు. కాని టవరు అందని పడవకు ఆ మ్రోత వినబడదు.

కనుక ఆ కుటుంబమునకు నేను చెప్పునది యిది: సొమ్మంతయు ఒక్క ఖరీదైన ఫోనుపై వెచ్చింపక, ఇంటికొక సామాన్యమైన అద్దపు ఫోనును, మిగిలిన కొద్దిపాటి సొమ్ముతో పడవకొక మీటల ఫోనును కొనుట మేలు. మీటల ఫోను కొనునపుడు అది 4జీదియో కాదో చూడవలెను. పాత 2జీ ఫోనులు కొన్ని కంపెనీల సిమ్ములతో పనిచేయవు. దానిని ప్లాస్టిక్ సంచిలో కట్టి మెడలో వ్రేలాడదీసికొని తండ్రి వేటకు పోవలెను. రాత్రి తిరిగివచ్చునపుడు ఆ ఫోనుపై సిగ్నలు గీతలు కనబడుటకు ముందే బారువ దీపస్తంభపు వెలుగు అతనికి కనబడవచ్చును.