స్వచ్ఛ విద్యుత్తులో స్థానికులకు వాటా: విజయనగరం ముందున్న మార్గాలు

విజయనగరం: రాష్ట్రంలో విద్యుదుత్పత్తి బొగ్గు నుండి సూర్యరశ్మి, గాలి, నీటి వైపు మళ్లుతున్నది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ ఉచిత విద్యుత్ పథకం, అదే సంవత్సరం అక్టోబరులో వెలువడిన రాష్ట్ర సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం ఈ మార్పును పట్టణాలలోని ఇళ్ల డాబాల వరకు తీసుకువచ్చినవి. అయితే ఫలకాల సంఖ్య పెరిగినంత మాత్రాన ప్రయోజనం అందరికీ సమానంగా చేరదు. ఉత్పత్తి అయిన విద్యుత్తుపై ఎవరికి హక్కు ఉన్నది, ఆదాయంలో ఎవరికి వాటా ఉన్నది, నిర్ణయంలో ఎవరి మాట చెల్లుతున్నది అన్న అంశాలపై అది ఆధారపడి ఉంటుంది. రెండు లక్షలకు పైగా జనాభా గల విజయనగరం నగరానికి, దాని చుట్టూ ఉన్న గ్రామాలకు ఈ విషయంలో గల అవకాశాలను, పూరించవలసిన లోటుపాట్లను ఈ వ్యాసం వివరిస్తుంది.

మాచ్‌ఖండ్ నాటి ఒప్పందం

ఉత్తర కోస్తాకు స్వచ్ఛ విద్యుత్తు కొత్త కాదు. నాటి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాల మధ్య 1946లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో ఉత్పత్తి ప్రారంభించినది. ఈ విద్యుత్తులో రెండు రాష్ట్రాల వాటాలు తొలుత 70, 30 శాతాలుగా నిర్ణయమైనవి. 1978లో ఒడిశా తన వాటాను 50 శాతం వరకు పెంచుకునేందుకు వీలు కల్పించబడినది. ప్రభుత్వాల మధ్య వాటాల లెక్క ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ, జలాపుట్ జలాశయం కోసం ఊళ్లు, పొలాలు వదులుకున్న కుటుంబాలకు మాత్రం ఆ లెక్కలో చోటు లేకపోయినది. వాటా అన్నది పనులు ప్రారంభం కాకముందే కాగితంపై నమోదు కావలసిన విషయమని ఈ చరిత్ర తెలుపుతున్నది.

చీపురుపల్లి అనుభవం

ఇందుకు భిన్నమైన అనుభవం కూడా జిల్లాకు ఉన్నది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన పిదప దేశంలో పలుచోట్ల విద్యుత్ సహకార సంఘాలు నెలకొన్నవి. ఉమ్మడి రాష్ట్రంలో సిరిసిల్ల, అనకాపల్లి, కుప్పంలతో పాటు చీపురుపల్లి కూడా వీటిలో ఒకటి. వినియోగదారులే సభ్యులుగా చేరి, సంఘం ద్వారా టోకుగా విద్యుత్తు కొని, తమ గ్రామాలకు పంపిణీ చేసుకోవడం ఈ సంఘాల విధానం. వినియోగదారులసంఘాలు, సహకార సంఘాలు, పంచాయతీరాజ్ సంస్థలకు పంపిణీ లైసెన్సు నుండి మినహాయింపు ఇచ్చేందుకు విద్యుత్ చట్టం, 2003లోని 13వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది.

2021లో రాష్ట్రంలోని ఈ సంఘాల మినహాయింపు అంశం విద్యుత్ నియంత్రణ మండలి పరిశీలనకు వచ్చినది. సభ్యత్వం ఉన్నంత మాత్రాన సంఘం నిలవదని, సకాలంలో ఎన్నికలు, ఆడిట్, బకాయిల చెల్లింపు కూడా అంతే అవసరమని ఈ పరిణామం గుర్తు చేసినది. సౌర విద్యుత్తు కోసం కొత్తగా సంఘాలు ఏర్పాటు చేయదలచిన వారు ఈ రెండు పార్శ్వాలనూ గమనించవలసి ఉన్నది.

పథకంలో ఉన్న అవకాశాలు

సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పుపై నెలకొల్పే సౌర యూనిట్‌కు 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, 3 కిలోవాట్లు, అంతకు మించిన వాటికి గరిష్ఠంగా రూ.78,000 కేంద్ర సహాయం లభిస్తుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగల కుటుంబాలకు 2 కిలోవాట్ల యూనిట్లను ఉచితంగా అమర్చాలని, వెనుకబడిన తరగతుల కుటుంబాలకు 2 కిలోవాట్లపై అదనంగా రూ.20,000 సహాయం అందించాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించినది.

వ్యక్తులకే గాక సమష్టి సంస్థలకు కూడా ఈ పథకంలో స్థానం ఉన్నది. గృహ సముదాయాల సంఘాలు నీటి మోటార్లు, లిఫ్టులు, వాహనాల ఛార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాల కోసం 500 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.18,000 చొప్పున సహాయం పొందవచ్చును. తమ పరిధిలో అమర్చిన ఒక్కొక్క గృహ యూనిట్‌కు రూ.1,000 చొప్పున స్థానిక సంస్థలకు ప్రోత్సాహకం నిర్దేశించబడినది. పోటీ పద్ధతిలో జిల్లాకొక గ్రామాన్ని ఆదర్శ సౌర గ్రామంగా ఎంపిక చేసి, కోటి రూపాయల సహాయం అందించేందుకు 2024 ఆగస్టులో మార్గదర్శకాలు వెలువడినవి. 2019లో ప్రారంభమైన పీఎం-కుసుమ్ పథకం సైతం రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు బీడు భూములలో 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల సౌర కేంద్రాలు నెలకొల్పుకునేందుకు మార్గం చూపినది.

చిన్న వినియోగదారుల లెక్క

అయితే సహాయం మొత్తం ఒకటే అయినా లాభం ఒకటి కాదు. రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం తొలి 30 యూనిట్లకు యూనిట్ ధర రూ.1.90, ఆపై 75 యూనిట్ల వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6. స్థిర ఛార్జీలు, సుంకాలు మినహాయిస్తే నెలకు 225 యూనిట్లు వాడే ఇంటికి రూ.1,017, 75 యూనిట్లు వాడే ఇంటికి రూ.192 బిల్లు వస్తుంది. రెండు కిలోవాట్ల యూనిట్ నెలకు సుమారు 240 యూనిట్లు ఉత్పత్తి చేయగలదు. మొదటి ఇల్లు ఆ విద్యుత్తుతో నెలకు వెయ్యి రూపాయలకు పైగా ఆదా చేసుకుంటే, రెండవ ఇంటికి మిగిలేది రెండు వందల లోపే. రెండవ ఇంటి నిజమైన లాభం మిగులు 165 యూనిట్లకు లభించే ధరలోనే ఉన్నది. కాబట్టి చిన్న వినియోగదారు భాగస్వామి కావాలంటే మిగులు విద్యుత్తు లెక్క ప్రతి నెలా బిల్లుపై స్పష్టంగా కనిపించాలి, సొమ్ము సకాలంలో జమ కావాలి.

అద్దె ఇళ్లలో, రేకుల ఇళ్లలో, బహుళ అంతస్తుల భవనాలలో నివసించే వారిది మరొక సమస్య. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడ లేని స్థలం అవసరం. అది వీరి అధీనంలో ఉండదు. ఒకచోట నెలకొల్పిన ఉమ్మడి సౌర కేంద్రం నుండి ఉత్పత్తిని సభ్యుల బిల్లులలో వాటాల ప్రకారం తగ్గించే విధానాన్ని వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఈ విధానంలో అమర్చిన గృహ యూనిట్లు కూడా కేంద్ర సహాయానికి అర్హమైనవే. పాఠశాలలు, మార్కెట్లు, నగరపాలక సంస్థ భవనాల పైకప్పులను ఇందుకు వినియోగిస్తే సొంత డాబా లేని కుటుంబాలు సైతం సభ్యులుగా చేరవచ్చును.

కొండ గ్రామాల సమ్మతి

నగరాలకు రాత్రి వేళ స్వచ్ఛ విద్యుత్తు అందాలంటే నిల్వ అవసరం. ఆ నిల్వ కోసం ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులలో కురుకుట్టి, కర్రివలస సాలూరు ప్రాంతానికి చెందినవి. ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. షెడ్యూల్డ్ ప్రాంతాలలో భూసేకరణకు ముందు గ్రామసభను గాని, తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదించవలెనని 1996 నాటి పెసా చట్టం నిర్దేశించినది. గనుల తవ్వకాలకు సంబంధించి 1997లో వెలువడిన సమత తీర్పులో సుప్రీంకోర్టు నికర లాభాలలో కనీసం 20 శాతాన్ని స్థానిక గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా ప్రత్యేకించవలెనని పేర్కొన్నది. ఆ తీర్పు విద్యుత్ ప్రాజెక్టులకు నేరుగా వర్తించకపోయినా, వాటా ఎంత, ఏ రూపంలో అన్న చర్చకు అది ఒక కొలమానం కాగలదు.

ఇతర ప్రాంతాల అనుభవం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ తీరంలో 2000 సంవత్సరంలో 20 గాలిమరలతో, 40 మెగావాట్ల సామర్థ్యంతో నిర్మితమైన మిడెల్‌గ్రుండెన్ కేంద్రంలో సగం నగర విద్యుత్ సంస్థకు, సగం వేలాది మంది పౌరులు సభ్యులుగా గల సహకార సంఘానికి చెందేట్లు ఏర్పాటు జరిగినది. గుజరాత్‌లోని ధుండి గ్రామంలో సౌర పంపుల రైతులు 2016లో సహకార సంఘంగా ఏర్పడి మిగులు విద్యుత్తును పంపిణీ సంస్థకు విక్రయించారు. సాగునీటితో పాటు విద్యుత్తు సైతం వారికి ఒక రాబడి అయినది.

చేయవలసినది

విజయనగరంలో ఇందుకు కావలసిన వ్యవస్థలు చాలావరకు ఉన్నవి. తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, నగరపాలక సంస్థ, మెప్మా పరిధిలోని మహిళా స్వయం సహాయక సంఘాలు, వార్డు సచివాలయాలు కలిసి పనిచేసిన పక్షంలో తొలుత ఒక్క వార్డులోనైనా ఉమ్మడి సౌర కేంద్రాన్ని ప్రయోగాత్మకంగా చేపట్టవచ్చును. సభ్యుల జాబితా, వాటా, నిర్వహణ ఖర్చు, మిగులు సొమ్ము వివరాలను తెలుగులో సచివాలయ నోటీసు బోర్డుపై ప్రకటించడం, ప్రతి సంవత్సరం ఆడిట్ జరిపించడం ఇందులో ముఖ్యమైనవి. ఇన్వర్టర్ చెడిపోయినప్పుడు ఎవరిని అడగాలో, ఎన్ని రోజులలో బాగుపడుతుందో సభ్యునికి ముందే తెలియాలి. ఫలకాలు ఇరవై అయిదేళ్ల పాటు పనిచేసేవి. అంతకాలం వాటిని కాపాడుకునేది తమదన్న భావం కలిగిన ప్రజలే.