వానకు చెడని బాట, పెన్సిలుకు దొరికే లెక్క

సగం చుట్టు మలుపులో లోపలి కంచెకు ఒక మీటరు ఎడంగా పరుగెత్తే గుర్రం, కంచెను ఆనుకొని పరుగెత్తే గుర్రం కన్నా 3.14 మీటర్లు ఎక్కువ దూరం పోవాలి. మలుపు పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. బడిలో చదువుకున్న ‘పై’ విలువే అది. గుర్రం ఒంటి నిడివిని పందేలవాళ్లు ‘లెంగ్త్’ అంటారు. అది సుమారు 2.4 మీటర్లు. అంటే ఒక్క మీటరు ఎడంగా పోయినందుకు ఒక లెంగ్త్ పైచిలుకు నష్టం. తల తేడాతో, మెడ తేడాతో ఫలితం తేలే ఆటలో ఇది చిన్న నష్టం కాదు.

బ్రిటన్‌లో కృత్రిమ బాట మీద జరిగే ‘ఆల్ వెదర్’ పందేలను ముందుగా అంచనా వేయాలనుకునేవారు మొదట పట్టుకోవలసింది ఇలాంటి లెక్కలనే. జాతకాలు, గుర్రం పేరులోని అదృష్టం, చెవిలో ఊదే ‘టిప్పులు’ ఆ తర్వాతి మాట.

నేల ఎందుకు ముఖ్యం?

హైదరాబాద్ మలక్‌పేటలో వానాకాలం పందేల సీజన్ చూసినవారికి ఒక సంగతి తెలుసు. పచ్చిక బాట తడిస్తే మొన్న గెలిచిన గుర్రం ఇవాళ కాళ్లీడుస్తుంది. బ్రిటన్‌లో ఈ చిక్కు మరీ ఎక్కువ. చలికాలంలో నేల గడ్డకడితే పందేలు రద్దయ్యేవి. దానికి విరుగుడుగా 1989 అక్టోబరు 30న లింగ్‌ఫీల్డ్‌లో కృత్రిమ బాట మీద పందేలు మొదలయ్యాయి. కొద్ది రోజుల తేడాతో సౌత్‌వెల్, 1993లో వుల్వర్‌హాంప్టన్, 2006లో కెంప్టన్ అదే దారి పట్టాయి. 2008లో తెరిచి కొన్ని నెలలకే మూతపడిన గ్రేట్ లీస్ 2015లో చెమ్స్‌ఫర్డ్ సిటీ పేరుతో మళ్లీ తెరుచుకుంది. 2016లో న్యూకాజిల్ చేరడంతో బాటలు ఆరయ్యాయి.

ఇవాళ ఈ ఆరింటి మీదా ఉన్నవి రెండే రకాలు. లింగ్‌ఫీల్డ్, కెంప్టన్, చెమ్స్‌ఫర్డ్‌లో పాలీట్రాక్. న్యూకాజిల్, వుల్వర్‌హాంప్టన్, సౌత్‌వెల్‌లో టపేటా. రెండింటికీ మూలం మైనం పట్టించిన ఇసుక, అందులో కలిపిన పీచు. నీరు కిందికి ఇంకిపోతుంది, పైన పట్టు మిగులుతుంది. దట్టమైన మంచు కురిస్తే ఇక్కడా పందేలు ఆగుతాయి. అయినా ఎక్కువ రోజులు బాట స్థితి ‘స్టాండర్డ్’ అనే ఒక్క మాట దగ్గరే ఉంటుంది. పచ్చిక మీద నేల గట్టిదనం రోజుకో తీరు కాబట్టి పాత పరుగును కొత్త పరుగుతో పోల్చడం కష్టం. ఇక్కడ ఆ కష్టం చాలావరకు తీరుతుంది. లెక్కకు పట్టు దొరికేది అందుకే.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వుల్వర్‌హాంప్టన్ 2014లో, సౌత్‌వెల్ 2021 చివర్లో బాటను మార్చి టపేటా వేశాయి. అంతకు ముందరి గణాంకాలు అదే ఊరివైనా వేరే నేలవి. సౌత్‌వెల్ పాత ఇసుకలో ముందు గుర్రాల కాళ్ల నుంచి ఎగిరే ఇసుక వెనకవాటి ముఖాన కొట్టేది, అందుకే ముందుండే గుర్రాలకు అక్కడ మంచి పేరుండేది. ఆ పేరును ఇప్పటి సౌత్‌వెల్‌కు అతికించకూడదు.

ఆరు బాటలు, ఆరు తీరులు

ఐదు బాటల్లో గుర్రాలు ఎడమకు తిరుగుతాయి. కెంప్టన్‌లో మాత్రం కుడికి. కెంప్టన్‌లోనే రెండు చుట్లున్నాయి. 5, 10 ఫర్లాంగుల పందేలు ఇరుకైన లోపలి చుట్టు మీద, మిగిలినవి విశాలమైన బయటి చుట్టు మీద జరుగుతాయి. ఫర్లాంగు అంటే 201 మీటర్లు, ఎనిమిదైతే మైలు. వుల్వర్‌హాంప్టన్ చుట్టు ఇంచుమించు ఒక మైలు. చివరి తిన్నటి దారి రెండు ఫర్లాంగులు కూడా లేదు. మలుపు దాటేసరికి వెనకబడిన గుర్రానికి అందుకునే వ్యవధి తక్కువ. లింగ్‌ఫీల్డ్‌లో చివరి మలుపులోకి పల్లంగా దిగాలి, అక్కడ బయటికి జారిపోయే గుర్రాలు కోలుకోవడం కష్టం.

న్యూకాజిల్ వీటికి పూర్తిగా భిన్నం. 5 ఫర్లాంగుల నుంచి మైలు దాకా పందేలన్నీ ఒకే తిన్నటి దారిలో, ఎగువకు సాగుతాయి. మలుపే లేదు కనుక మొదట చెప్పిన 3.14 లెక్క అక్కడ సున్నా. ఊపిరి నిలుపుకొని చివర్లో వేగం పెంచే గుర్రానికి అది అనువైన చోటు. అందుకే ఒక గుర్రం ‘ఆల్ వెదర్ మీద బాగా పరుగెత్తుతుంది’ అన్న మాట సగం సమాచారమే. ఏ బాట మీద, ఎంత దూరంలో అన్నది మిగతా సగం.

బరువు చెప్పే మాట

ఈ పందేల్లో చాలా భాగం హ్యాండీక్యాప్‌లు. బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ ప్రతి గుర్రానికీ రేటింగ్ ఇస్తుంది, ప్రతి మంగళవారం సవరిస్తుంది. రేటింగ్‌లో ఒక అంకె అంటే వీపు మీద ఒక పౌండు, దాదాపు 454 గ్రాముల బరువు. 70 రేటింగ్ గుర్రం 62 రేటింగ్ గుర్రం కన్నా 8 పౌండ్లు ఎక్కువ మోస్తుంది. అన్నీ ఒకేసారి గమ్యం చేరాలన్నది ఆ సర్దుబాటు ఉద్దేశం. పచ్చికకు ఒక రేటింగ్, కృత్రిమ బాటకు మరొకటి ఉండే గుర్రాలూ ఉన్నాయి. పచ్చిక మీద వరసగా గెలిచి, ఇక్కడ ఇంకా తక్కువ రేటింగ్‌తో దిగే గుర్రం మీద కన్ను వేయాలి.

బరువును దూరంగా మార్చే మోటు సూత్రం ఒకటుంది. 5 ఫర్లాంగుల పందెంలో ఒక లెంగ్త్‌కు 3 పౌండ్లు, 7 నుంచి 8 ఫర్లాంగుల్లో 2, మైలున్నరలో ఒకటిన్నర. జాకీ శిక్షణలో ఉన్నవాడైతే 7, 5 లేదా 3 పౌండ్ల తగ్గింపు దొరుకుతుంది. గెలుపులు 20 దాటితే 7 కాస్తా 5 అవుతుంది, 50 దాటితే 3, 95 దాటితే తగ్గింపే ఉండదు. అప్పుడే రాటుదేలి, ఇంకా 5 పౌండ్ల తగ్గింపు చేతిలో ఉన్న కుర్ర జాకీ ఎవరో గమనించడం లాభం.

ఒక ఊహా పందెం

వుల్వర్‌హాంప్టన్‌లో 7 ఫర్లాంగులు, 8 గుర్రాలు అనుకుందాం. పేర్లు, అంకెలు అన్నీ కల్పితం. కిందటిసారి ఇక్కడే ‘మెరుపు’ 62 రేటింగ్‌తో గెలిచింది. 60 రేటింగ్ ఉన్న ‘మల్లె’ 2 లెంగ్త్‌లు వెనకపడింది. ఇప్పుడు మెరుపు రేటింగ్ 67కు పెరిగింది, మల్లెది 59కి తగ్గింది.

రెండు లెంగ్త్‌లంటే 4 పౌండ్లు. రేటింగులు మల్లె వైపు 6 పౌండ్లు కదిలాయి. కాగితం మీద మల్లె 2 పౌండ్లు ముందుంది. ఇక మలుపు సంగతి. కిందటిసారి మల్లె బయటి స్టాల్ (గుర్రాలు బయలుదేరే గడి) నుంచి బయలుదేరి మలుపంతా 2 మీటర్లు ఎడంగా తిరిగింది. నష్టం 6.28 మీటర్లు, అంటే 2.6 లెంగ్త్‌లు, అంటే 5 పౌండ్లు. ఈసారి మల్లెకు 2వ స్టాల్, మెరుపుకు 8వది. మొత్తం కలిపితే మల్లె 7 పౌండ్లు మెరుగు.

ఈ ఏడింటినీ అలాగే నమ్మకూడదు. మెరుపు ఇంకా ఎదిగే వయసులో ఉండవచ్చు, కిందటిసారి పూర్తి బలం వాడకుండానే గెలిచి ఉండవచ్చు. పందెం నెమ్మదిగా సాగితే ముందున్న గుర్రానికే మేలు. అందుకే తేడాలో సగమే లెక్కలోకి తీసుకోవడం మంచి అలవాటు. అలా చూసినా మల్లెకు గెలుపు అవకాశం 22 శాతం అనిపించిందనుకుందాం.

ధరలో దాగిన శాతం

ఈ పందెంలో ధరలు ఇలా ఉన్నాయనుకోండి: మెరుపు 2/1, మల్లె 5/1, మిగిలినవి 4/1, 6/1, 8/1, 12/1, 14/1, 20/1. 5/1 అంటే ఒకటి పెడితే ఐదు లాభం; అవకాశంగా చూస్తే ఆరింట ఒకటి, 16.7 శాతం. 2/1 అంటే 33.3 శాతం. ఎనిమిదింటినీ శాతాలుగా మార్చి కూడితే 100 రాదు, 114.5 వస్తుంది. ఆ 14.5 బుక్‌మేకర్ వాటా. అన్ని గుర్రాల మీదా ఆ శాతాల దామాషాలో డబ్బు పెట్టినవారికి 114.5కు 100 తిరిగి వస్తుంది.

మల్లె లాంటి గుర్రం మీద 10 చొప్పున 100 సార్లు పెడితే ఖర్చు 1000. మన 22 శాతం నిజమైతే 22 గెలుపులకు 60 చొప్పున 1320 వస్తుంది. నిజానికి అది 14 శాతమే అయితే వచ్చేది 840. ఎనిమిది శాతం పొరపాటు లాభాన్ని నష్టంగా మార్చేసింది. అందుకే ‘ఏ గుర్రం గెలుస్తుంది?’ అన్నది అసంపూర్ణమైన ప్రశ్న. ‘ఈ గుర్రం అవకాశం ఎంత, ధర దానికి తగ్గట్టుందా?’ అన్నదే అసలు ప్రశ్న. అందరి కళ్లూ ఉన్న ఫేవరెట్లు కూడా గెలిచేది దాదాపు మూడింట ఒక్కసారే.

లెక్క సరిగ్గా ఉన్నా ఓటమి వెంటాడుతుంది. 22 శాతం అవకాశమున్న గుర్రాలను వరసగా పదిసార్లు ఎంచుకుంటే పదీ ఓడే అవకాశం 8.3 శాతం, అంటే పన్నెండింట ఒకటి. పోయింది రాబట్టుకోవాలని పందెం రెట్టింపు చేసే మనిషి చితికిపోయేది ఆ వరసలోనే.

బ్రిటన్‌లో 18 ఏళ్లు నిండినవారికి ఈ పందేలు చట్టబద్ధం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. ఫోన్‌లో వచ్చే ‘గ్యారంటీ విన్నర్’ సందేశాలను నమ్మి ఇక్కడి నుంచి డబ్బు పంపడం అటు చట్టానికీ, ఇటు లెక్కకూ విరుద్ధం. 22 శాతానికి గ్యారంటీ ఇచ్చేవాడు ఉండడు.

ఈ ఆటలోని లెక్క మీకు నచ్చితే ఒక నోటుపుస్తకం చాలు. వంద పందేలకు రూపాయి పెట్టకుండా, పరుగుకు ముందే ప్రతి గుర్రానికీ మీ శాతం రాసుకోండి. 20 శాతం అని రాసినవి నిజంగా ఐదింట ఒకటి గెలిచాయేమో తర్వాత సరిచూసుకోండి. గెలవకపోతే తప్పు ఎక్కడుందో ఆ పేజీలే చెబుతాయి, మీ జేబు మాత్రం చెక్కుచెదరదు.