కాలువ కట్టేశాక

కడియం చుట్టూ నీళ్లే. పక్కనే గోదావరి. ఊళ్ల మధ్య కాలువలు. ఇక్కడ నీళ్లు పొదుపు చెయ్యమంటే మీకు నవ్వు రావచ్చు.

కాని వేసవి సంగతి మీకు తెలుసు. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది మామూలుగా జూన్‌లో.

ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఈ కాలువలు దాని చలవే. కాలువ పారినంత కాలం నీళ్లు భూమిలోకి ఇంకుతాయి. మన బావుల్లో, బోర్లలో ఊరుతాయి. కాలువ ఆగితే ఆ ఊట తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఎండలు మండుతాయి. నర్సరీ బోరు, ఇంటి బోరు ఒకే భూమిలోంచి తోడతాయి. బోరు అందకపోతే మొక్కలు వాడిపోతాయి. యజమానికి నష్టం. కూలికెళ్లే ఆడవాళ్లకి పని పోతుంది. ఇంటికొచ్చి బిందె పట్టుకుని నడవాల్సిందీ వాళ్లే.

నర్సరీలో నీళ్లు ఎలా పోతాయి? గొట్టంతో తడిపితే కవరులో కొన్ని, కవర్ల మధ్య నేల మీద కొన్ని పడతాయి. పైన ఆరిందని మళ్లీ పోస్తాం. అలా చెయ్యకండి. వేలు మట్టిలోకి దించి చూడండి. లోపల చెమ్మ ఉంటే ఆ పూట నీళ్లు అక్కరలేదు. నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది. ఎరువు కొట్టుకుపోతుంది. మట్టిలో కొబ్బరి పొట్టు కలిపితే చెమ్మ నిలుస్తుంది. పక్కన కోనసీమ ఉండగా పొట్టుకి కరువా!

మొక్క మొదట్లో బొట్టు బొట్టుగా పడే డ్రిప్పు ఇంకా మేలు. దీనికి సబ్సిడీ ఇచ్చే పథకం రాష్ట్రంలో 2003లో మొదలైంది. ఇప్పుడు ఎంత ఇస్తారో ఉద్యాన శాఖ వాళ్లని అడగాలి. డ్రిప్పు ఖర్చు యజమానిది. వేలు పెట్టి చూడటానికి ఖర్చు లేదు.

ఇక ఇల్లు. కారే కుళాయి కింద రాత్రి బిందె పెట్టండి. తెల్లారి చూడండి. రోజూ అన్ని నీళ్లు మురుగులోకి పోతున్నాయి. వాషరు మార్పిస్తే చాలు. బియ్యం కడిగిన నీళ్లు పెరటి మొక్కలకి పొయ్యండి.

వాన లెక్క చూద్దాం. 20 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు ఇల్లు. కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 460 లీటర్లు. అంటే 15 లీటర్ల బిందెలు 30! అవన్నీ వీధిలోకి పోతున్నాయి.

పెరట్లో గుంట తవ్వించండి. అడుగున రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక వెయ్యాలి. కప్పు నీళ్లు గొట్టంతో అందులోకి దింపాలి. గుంట గోడకి ఆనుకుని వద్దు, పునాది దెబ్బతింటుంది. మరుగుదొడ్డికి దూరంగా ఉండాలి. తొలి వానకి కప్పు మీది దుమ్మంతా దిగుతుంది. ఆ నీళ్లు పక్కకి వదిలెయ్యండి.