డబ్బు కట్టే ముందు కొలిచి చూద్దాము



ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తూర్పు తీరములో మోటారు బోట్ల వేటకు విరామము. ఆ 61 రోజులూ బోట్లు ఒడ్డునే ఉంటాయి, చేతిలో డబ్బు ఆడదు. అటువంటి ఒక సాయంకాలము బాపట్ల జిల్లా వాడరేవులో ఒక గృహమును దర్శించాము.

ఆ ఇంటి మామ్మగారు మోకాళ్ళ నొప్పులతో మందిరమునకు రాలేరు. వెనుక గదిలో మంచము మీద కూర్చుని ఆదివారపు ఆరాధనను మనుమరాలి ఫోనులో చూస్తారు. "అయ్యగారు వాక్యము మొదలుపెట్టగానే బొమ్మ ఆగిపోతుంది బాబూ. ఆ చక్రము తిరుగుతూనే ఉంటుంది" అని వాపోయారు. ఆమె కుమారుడు అప్పు చేసి అయినా 30 మెగాబిట్ల ప్లాను మాని 100 మెగాబిట్లది తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. "తమ్ముడూ, లోతు చూడకుండా పడవ నడుపుతావా? ముందు కొలుద్దాము" అన్నాము. నవ్వి, సరేనన్నాడు.

2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఆ తీగలు పల్లెలకు చేరాయి. ఇతర కంపెనీల తీగలూ ఉన్నాయి. ఎవరిదైనా తీగ వచ్చేది ఇంటిలోని పెట్టె వరకే. అక్కడ నుండి ఫోనుకు చేరేది గాలిలోని తరంగము. ఈ రెండు మజిలీలలో ఏది నెమ్మదించినా బొమ్మ ఆగుతుంది. అందుకే రెండింటినీ వేరువేరుగా కొలవాలి.

ఎంత వేగము చాలు?

వేగమును సెకనుకు ఇన్ని మెగాబిట్లు అని చెబుతారు. ఇది మెగాబైటు కాదు. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక 30 మెగాబిట్ల లైనులో సెకనుకు నాలుగు మెగాబైట్లకు లోపే దిగుతుంది. "30 అని చెప్పి 4 కూడా ఇవ్వడం లేదు" అని తగాదా పడే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

యూట్యూబ్ వారు చెప్పే లెక్క ప్రకారము 480 రకపు బొమ్మకు సుమారు 1.1 మెగాబిట్లు, 720కి 2.5, 1080కి 5, పెద్ద టీవీలో చూసే 4కే బొమ్మకు 20 కావాలి. ఇది ఒక్క తెరకు. ఒకేసారి మూడు తెరలు నడిస్తే మూడింటికీ కూడుకోవాలి. మామ్మగారి చిన్న ఫోనుకు రెండున్నర మెగాబిట్లు నిలకడగా అందితే బొమ్మ శుభ్రముగా కనబడుతుంది.

మూడు చోట్ల కొలత

నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్, ట్రాయ్ వారి మైస్పీడ్ వంటివి ఉచితముగా వేగము చూపుతాయి. ఇంటిలోని మిగతా ఫోన్లను వైఫై నుండి తప్పించి, కొలిచే ఫోనులో మొబైల్ డేటా ఆపి, ఒక్కొక్క చోట మూడేసి సార్లు కొలిచి నోటుపుస్తకములో వ్రాసుకున్నాము.

మొదట మనుమరాలి కాలేజీ ల్యాప్‌టాప్‌ను వైరుతో పెట్టెకు కలిపి చూస్తే 28 వచ్చింది. రెండవది, పెట్టె ప్రక్కనే నిలబడి ఫోనుతో చూస్తే 24. మూడవది, మామ్మగారి మంచము దగ్గర చూస్తే ఒకసారి 2, ఒకసారి 1, ఒకసారి అసలే లేదు.

తీగ చక్కగానే ఉన్నదని తేలింది. పెట్టె ఎక్కడ ఉన్నదో చూడండి: ముందు గదిలో, ఇనుప బీరువా వెనుక! తరంగము ఇనుమును దాటలేదు, మందపు గోడ దగ్గర సన్నగిల్లుతుంది. ఆ స్థితిలో 100 మెగాబిట్లు కొన్నా మంచము దగ్గరకు వచ్చేది అంతంత మాత్రమే.

పెట్టెను నడిమి గది గోడకు, మనిషి ఎత్తున బిగించాము. అదే మంచము దగ్గర మరల కొలిస్తే 13 వచ్చింది. ఖర్చు రెండు మేకులు, కొంచెము వైరు.

మీ ఇంట కొలిచేటప్పుడు

వైరుతో కొలిచినప్పుడే తక్కువ వస్తే లోపము లైనులో ఉండవచ్చు. ఉదయము, రాత్రి 8 గంటలకు కూడా కొలవండి. ఊరంతా చూసే రాత్రి వేళ మాత్రమే పడిపోతే, ఆ తేదీలు, అంకెలు చూపి కంపెనీవారిని అడగండి. ఉత్త ఫిర్యాదు కంటే వ్రాసిన లెక్కకు విలువ ఎక్కువ.

పెట్టె రెండు పేర్లు చూపితే, 5 గిగాహెర్ట్‌జ్‌ది దగ్గరలో వేగముగా ఉంటుంది, 2.4ది నెమ్మదైనా దూరము పోతుంది. రెండింటినీ కొలిచి ఎంచుకోండి.

పాత వీడియోలు బాగా నడిచి, ప్రత్యక్ష ప్రసారము మాత్రమే అన్ని ఇండ్లలో ఒకేసారి ఆగితే, లోపము పంపేవారి వైపు ఉండవచ్చు. అక్కడ కొలవవలసినది పైకి పంపే వేగము, అనగా అప్‌లోడ్.

తరువాతి ఆదివారము మధ్యాహ్నము ఫోను చేశాము. మామ్మగారే తీశారు. "ఈ వారము ముగింపు ప్రార్థన దాకా విన్నాను బాబూ" అన్నారు. ఆ కుమారుడు ప్లాను మార్చలేదు. మిగిలిన డబ్బుతో వలకు కొత్త తాడు కొన్నాడట.