భాగం 9: కాఫీ స్టౌట్ బీరు - రుచి పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- స్టౌట్ బీరులో కాఫీ రుచి ఏయే మార్గాల్లో వస్తుందో వివరించగలుగుతారు.
- రూపం, వాసన, రుచి, నోటి స్పర్శ, మిగులు రుచి అనే క్రమంలో ఒక పానీయాన్ని పరిశీలించి నమోదు చేయగలుగుతారు.
- గమనించిన దానికీ, ఊహించిన దానికీ గల తేడాను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

రుచి చూడటం అందరికీ తెలిసిన పనే. రుచిని నమోదు చేయడం మాత్రం నేర్చుకోవలసిన పని. 'బాగుంది', 'బాగాలేదు' అనేవి మన ఇష్టాయిష్టాలను మాత్రమే తెలుపుతాయి. ఇంద్రియ పరీక్షలో మనకు కావలసింది వేరు. మీరు రాసినది చదివి, ఆ పానీయాన్ని ఎన్నడూ చూడని వ్యక్తి కూడా అది ఎలా ఉంటుందో గ్రహించగలగాలి.

ఈ భాగంలో కాఫీ కలిపిన ఘాటైన స్టౌట్ బీరును ఉదాహరణగా తీసుకున్నాం. దీనికి కారణం ఉంది. కాఫీ ఏమాత్రం కలపని స్టౌట్‌లో కూడా కాఫీ వాసన వస్తుంది. అందుచేత పరీక్షకుడు తేలికగా పొరబడే పానీయం ఇది. ఈ పాఠాన్ని అర్థం చేసుకోవడానికి మీరు మద్యం రుచి చూడనవసరం లేదు. 9.6లో ఇచ్చిన అభ్యాసాన్ని కాఫీ డికాక్షన్‌తో ఇంట్లోనే చేయవచ్చు.

9.2 స్టౌట్ అంటే ఏమిటి?

బీరుకు ముఖ్యమైన ముడి పదార్థాలు నాలుగు: నీరు, బార్లీ మాల్ట్, హాప్స్ పూలు, ఈస్ట్. బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ తయారవుతుంది. మాల్ట్‌లోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. ఈస్ట్ ఆ చక్కెరను పులియబెట్టి ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను ఇస్తుంది. హాప్స్ చేదును ఇస్తాయి.

18వ శతాబ్దపు లండన్‌లో పోర్టర్ అనే ముదురు రంగు బీరు బాగా వాడుకలో ఉండేది. 'స్టౌట్' అంటే ఇంగ్లీషులో బలమైనది అని అర్థం. పోర్టర్‌లో ఘాటైన రకాన్ని 'స్టౌట్ పోర్టర్' అనేవారు. క్రమంగా మొదటి మాటే పేరుగా స్థిరపడింది. లండన్ నుంచి రష్యాకు ఎగుమతి అయిన బాగా ఘాటైన రకాల వల్ల 'ఇంపీరియల్ స్టౌట్' అనే పేరు వచ్చింది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు, తిరిగే పీపాలో మాల్ట్‌ను నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు పొందాడు. దానితో కొద్దిపాటి నల్ల మాల్ట్ వాడినా బీరు మొత్తం నల్లబడటం సాధ్యమైంది.

స్టౌట్ నల్లగా ఉంటే ఆల్కహాల్ ఎక్కువగా ఉంటుందని అనుకోవడం పొరపాటు. ఐర్లండ్‌కు చెందిన గిన్నిస్ డ్రాట్‌లో ఆల్కహాల్ దాదాపు 4.2 శాతమే. ఇంపీరియల్ రకాల్లో ఇది తరచుగా 8 శాతం దాటుతుంది. రంగు వేయించడం వల్ల వస్తుంది. బలం పులియబెట్టిన చక్కెర వల్ల వస్తుంది.

9.3 కాఫీ రుచి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి మార్గం వేయించడం. గింజను వేడి చేసినప్పుడు అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి చర్య జరుపుతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరుతో దీనిని మయార్ చర్య అంటారు. గోధుమ రంగు, వేపుడు వాసన ఈ చర్య ఫలితాలే. ఇందులో ఏర్పడే పైరజీన్లు అనే సమ్మేళనాలు వేగిన కాఫీ గింజలోనూ, వేగిన బార్లీలోనూ, మనం మూకుడులో వేయించే పల్లీల్లోనూ ఉంటాయి. అందుకే కాఫీ కలపని స్టౌట్ కూడా కాఫీని గుర్తుచేస్తుంది.

రెండవ మార్గం నిజంగా కాఫీ కలపడం. కాఫీని కాచే దశలో గానీ, పులిసిన తరువాత చల్లని నీటిలో నానబెట్టిన డికాక్షన్ రూపంలో గానీ చేరుస్తారు. చల్లని పద్ధతిలో చేదు, వగరు తక్కువగా దిగుతాయి. నిల్వ ఉన్నకొద్దీ తాజా కాఫీ వాసన తగ్గుతుంది కనుక, పరీక్షా పత్రంలో సీసాలో నింపిన తేదీ తప్పక రాయాలి.

ఇలాంటిది మనకు ఇంట్లోనే కనిపిస్తుంది. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఒక మొక్క వేరు. అందులో కాఫీ గింజా లేదు, కెఫీనూ లేదు. అయినా వేయించి పొడి చేస్తే కాఫీకి దగ్గరి రుచి వస్తుంది. కాఫీకి చికోరీ ఎలాంటిదో, స్టౌట్‌లో వేయించిన బార్లీ అలాంటిది.

9.4 పరిశీలన క్రమం

కెనడాలోని మాంట్రియల్‌లో మొదలైన ద్యూ దు సియెల్ అనే బ్రూవరీ 'పెషే మోర్తెల్' అనే ఇంపీరియల్ కాఫీ స్టౌట్‌ను తయారుచేస్తుంది. ఆ ఫ్రెంచి పేరుకు 'మహాపాపం' అని అర్థం. ఇందులో ఆల్కహాల్ 9.5 శాతం. ఈ రకం బీరును పరిశీలించే తీరు చూద్దాం.

పానీయం 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. మరీ చల్లగా ఉంటే వాసన పైకి రాదు. మూతి సన్నగా ఉన్న గ్లాసులో సుమారు 50 మిల్లీలీటర్లు పోస్తే చాలు.

అ) రూపం: వెలుతురుకు ఎదురుగా పెట్టినా గ్లాసు అవతలి వైపు కనిపించదు. అంచుల్లో మాత్రం ముదురు గోధుమ రంగు తొంగిచూస్తుంది. నురుగు తెల్లగా కాక, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటుంది.

ఆ) వాసన: ఒకేసారి గట్టిగా పీల్చకుండా, రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా పీల్చాలి. ముందు చిక్కని డికాక్షన్, ఆ వెనుక తీపి లేని చాక్లెట్, కాస్త మాడిన రొట్టె అంచు, చివరన ఆల్కహాల్ తెలుస్తాయి.

ఇ) రుచి: మొదట మాల్ట్ తీపి, వెంటనే వేపుడు రుచి, ఆపైన చేదు. ఈ చేదు ఒక్కటి కాదు. హాప్స్ చేదులో ఆకు పసరు ఛాయ ఉంటుంది. మాడిన గింజ చేదు బూడిదలా పొడిగా తగులుతుంది. కాఫీ చేదుతో పాటు చిన్న పులుపు ఉంటుంది. పరీక్షకుడు ఈ మూడింటినీ విడదీసి రాయాలి.

ఈ) నోటి స్పర్శ: పానీయం చిక్కగా, నూనె పూసినట్లుగా నాలుక మీద నిలుస్తుంది. మింగిన తరువాత గొంతులో కలిగే వెచ్చదనం ఆల్కహాల్ వల్ల. మిరపకాయ కారాన్ని గుర్తించే నాడులే దీన్నీ గుర్తిస్తాయి.

ఉ) మిగులు రుచి: మింగాక ఏ రుచి నిలిచింది, ఎంతసేపు నిలిచింది అనేది రాయాలి. ఘాటైన కాఫీ స్టౌట్‌లో ఇది చాలాసేపు ఉంటుంది.

పరీక్షకులందరూ ఒకే మాటలు వాడటానికి 1970లలో మోర్టెన్ మైల్‌గార్డ్ బీరు రుచుల చక్రాన్ని రూపొందించారు. ఇటువంటి ఉమ్మడి పదజాలం లేకపోతే ఒకరి 'ఘాటు' మరొకరికి 'చేదు' అవుతుంది.

9.5 ఊహ చేసే మోసం

2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. చదువుకున్న ముక్కును కూడా కన్ను మోసగించింది.

నాకూ ఇటువంటి అనుభవం ఉంది. ఉద్యోగ జీవితం తొలి రోజుల్లో ఒక శిక్షణలో మా ముందు రెండు నల్లని గ్లాసులు పెట్టారు. ఒకదానిలో కాఫీ ఉందని మాత్రం చెప్పారు. రెండవ గ్లాసు మరింత నల్లగా కనిపించింది. 'తాజా కాఫీ స్పష్టంగా ఉంది' అని దాని గురించి నమ్మకంగా రాశాను. అందులో కాఫీ లేదు. వేయించిన బార్లీ మాత్రమే ఉంది. శిక్షకురాలు నన్ను తప్పుపట్టలేదు. "ఈ మాట వాసన చూడకముందు రాశారా, చూశాక రాశారా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నేర్చుకున్నది ఇదే: 'డికాక్షన్ వంటి వాసన' అనేది గమనిక, 'కాఫీ కలిపారు' అనేది ఊహ. గమనిక ముందు రాయాలి, ఊహ విడిగా రాయాలి. మీరు రాసిన పత్రాన్ని బట్టి ఒక తయారీ మొత్తం బజారుకు వెళ్లవచ్చు, పారబోయవచ్చు కూడా. అందువల్ల గ్లాసులకు పేర్లకు బదులు అంకెలు వేస్తారు. అందరూ రాయడం పూర్తయ్యే వరకు ఎవరూ మాట్లాడకూడదు.

9.6 అభ్యాసం

1. చికోరీ లేని కాఫీ పొడితో ఒక డికాక్షన్, చికోరీ కలిసిన పొడితో మరొకటి తీయండి. పాలు, పంచదార కలపవద్దు.
2. ఇంట్లో ఒకరిని రెండు గ్లాసులకు మీకు తెలియకుండా అంకెలు వేయమనండి. కళ్లు మూసుకుని రుచి చూసి, 9.4లోని క్రమంలో (రూపం మినహా) నమోదు చేయండి.
3. ఇప్పుడు ముక్కు మూసుకుని ఒక గుక్క తాగండి. చేదు, పులుపు తెలుస్తాయి, 'కాఫీ' మాత్రం మాయమవుతుంది. ముక్కు వదలగానే అది తిరిగి వస్తుంది. మనం రుచి అనుకునే దానిలో ఎక్కువ భాగం నోటి వెనుక నుంచి ముక్కుకు చేరే వాసనే.

9.7 సారాంశం

స్టౌట్‌లో కాఫీ రుచి వేయించిన గింజ నుంచి రావచ్చు, కలిపిన కాఫీ నుంచీ రావచ్చు. క్రమం తప్పకుండా పరిశీలించి, మూడు రకాల చేదును విడదీసి, గమనికను ఊహ నుంచి వేరుచేసి రాసినప్పుడే ఆ పత్రం ఇతరులకు ఉపయోగపడుతుంది.

9.8 నమూనా ప్రశ్నలు

1. కాఫీ కలపని స్టౌట్‌లో కాఫీ వాసన ఎందుకు వస్తుంది? (5 పంక్తులు)
2. స్టౌట్ రంగుకు, ఆల్కహాల్ శాతానికి సంబంధం ఉందా? కారణాలు తెలపండి. (10 పంక్తులు)
3. గమనిక, ఊహల మధ్య తేడాను మీ అభ్యాస పత్రం నుంచి ఉదాహరణలతో వివరించండి. (30 పంక్తులు)