ఎనిమిది క్రెడిట్లు తక్కువ

మంగళవారం ఎడిటర్ గారి ఫోను: ‘విదేశీ వర్సిటీలతో ఉమ్మడి డిగ్రీలు. ముఖచిత్ర కథనం. శుక్రవారం ఉదయానికల్లా!’ ఏలూరులో ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెంలో దిగేలోపు, 2022 మేలో యూజీసీ ప్రకటించిన నిబంధనలు చదివేశాను. రంగురంగుల బ్రోషర్లలో లేని ప్రాణం ఈ పొడి కాగితాల్లో ఉంది.

ఇందులో మూడు రకాలు. ట్విన్నింగ్‌లో విదేశంలో చదివేది 30 శాతం క్రెడిట్లు దాటకూడదు, పట్టా ఇచ్చేది మన సంస్థే. జాయింట్ డిగ్రీలో పాఠ్యప్రణాళిక ఇద్దరూ కలిసి రాయాలి. ఒక్కో సంస్థలో కనీసం 30 శాతం చదవాలి, చివరికి చేతికొచ్చేది ఒకే సర్టిఫికెట్. డ్యూయల్‌లో ఒకే సబ్జెక్టుకు రెండు పట్టాలు.

గూడెం స్టేషన్ బెంచీ మీద కూర్చుని, టీ చల్లారుతుంటే లెక్క కట్టాను. బీటెక్‌కు 160 క్రెడిట్లనుకుందాం. 30 శాతమంటే 48. మన దగ్గర ఏడాదికి సగటున 40. అంటే జాయింట్ డిగ్రీకి పిల్లాడు ఏడాదిపాటు విదేశంలో చదివొచ్చినా ఇంకా ఎనిమిది తక్కువ! ట్విన్నింగ్‌కు అదే ఏడాది సుబ్బరంగా సరిపోతుంది. ఉమ్మడి పట్టా ఖరీదు ఆ ఎనిమిది క్రెడిట్లే.

యూరప్‌లో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. ఇది కైకలూరు రొయ్యల రైతుకు చెబితే చిటికెలో పట్టేస్తాడు: కిలో కిలోయే, అందులో తూగే రొయ్యల కౌంటు వేరు. అక్కడి 60ని ఇక్కడి 40గా లెక్కేయాలని ముందే రాసుకోకపోతే, తిరిగొచ్చాక పిల్లాడి మార్కుల జాబితా రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

మరి ఆ ఎనిమిదీ? వేసవి కోర్సులో సర్దొచ్చు, ప్రాజెక్టును అక్కడే చేయించొచ్చు. కాదంటే మూడో సెమిస్టరు. దానికి మళ్లీ అద్దె, మళ్లీ వీసా. ఆన్‌లైన్ కోర్సులకు ఈ నిబంధనలు వర్తించవు కనుక ఆ అడ్డదారిని నేను నమ్ముకోను.

చరిత్రా? చోటు లేదు, గబగబా చెప్పేస్తా. స్వీడన్‌లోని బ్లెకింగె సంస్థతో ఆంధ్రా వర్సిటీ, జేఎన్‌టీయూ చాలాకాలం కిందటే చేతులు కలిపాయి. 2014లో హైదరాబాద్‌లో మహీంద్రా, ఫ్రాన్స్‌ ఎకోల్ సెంట్రల్ కలిసి ఇంజినీరింగ్ కళాశాల తెరిచాయి. ఐఐటీ హైదరాబాద్, ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ ఉమ్మడిగా పీహెచ్‌డీ నడుపుతున్నాయి. పరిశోధనలో సర్దుబాటు తేలిక, ఇద్దరు గైడ్లు ఒప్పుకుంటే చాలు. డిగ్రీలోనే తలనొప్పంతా.

బాక్స్: ఎవరికి అర్హత?
2022 నిబంధనల ప్రకారం మన సంస్థకు న్యాక్‌లో కనీసం 3.01 స్కోరుండాలి, లేదా ఎన్ఐఆర్ఎఫ్ వర్సిటీల జాబితాలో తొలి వందలో ఉండాలి, లేదా ‘ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్’ హోదా ఉండాలి. విదేశీ సంస్థ క్యూఎస్ లేదా టైమ్స్ ర్యాంకుల్లో తొలి వెయ్యిలో ఉంటే యూజీసీ ముందస్తు అనుమతి అక్కర్లేదు.

అమ్మానాన్నలకు ఒక్క మాట. ఫీజు కట్టేముందు కౌన్సెలర్‌ను క్యాంపస్ ఫొటోల గురించి అడగకండి. విదేశంలో చదవాల్సిన క్రెడిట్లెన్ని, ఏ సెమిస్టర్లో, అవి ఇక్కడ ఎన్నింటికి సమానం అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.